నజీబుల్లాను అమరుణ్ణి చేయకండి

2021 ఆగస్టు 15న అష్రఫ్ ఘనీ హెలికాప్టరెక్కి దేశం దాటిపోయాక ఒక పోలిక జనం నోళ్లలో బాగా నానింది. ఘనీ పారిపోయాడు, నజీబుల్లా నిలబడ్డాడు అన్నదే ఆ పోలిక. ఇద్దరూ అహ్మద్‌జాయ్ తెగకు చెందిన పష్తూన్లే. విదేశీ సైన్యాలు మూటాముల్లె సర్దుకున్నాక కాబూల్‌లో మిగిలిన అధ్యక్షులే ఇద్దరూ. పక్కపక్కన పెట్టి చూడటం అందరికీ సులువైపోయింది.

పోలిక అక్కడితో ఆగలేదు. నజీబ్ అసలైన దేశభక్తుడనీ, ఆడపిల్లల చదువుకు కొండంత అండ అనీ, ముంచుకొస్తున్న వినాశనాన్ని ముందే చెప్పిన ద్రష్ట అనీ, మాస్కో వెన్నుపోటు పొడవకపోతే ఆఫ్ఘనిస్తాన్‌కు ఈ గతి పట్టేదే కాదనీ ఒక పురాణం తయారైంది. నిజానికి ఇది 2021కి ముందే మొదలైంది. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే కాబూల్ బజార్లలో అతని బొమ్మలు అమ్ముడయ్యేవి. 2020 మేలో అప్పటి జాతీయ భద్రతా సలహాదారు హమ్దుల్లా మొహిబ్ గర్దేజ్ వెళ్లి నజీబ్ సమాధిని దర్శించాడు. అమెరికా నిలబెట్టిన ప్రభుత్వంలోని పెద్ద అధికారి, సోవియట్లు నిలబెట్టిన అధ్యక్షుడి గోరీ దగ్గర తల వంచాడంటే ఆ పేరు ఎంత పైకి లేచిందో అర్థమవుతుంది.

మన దేశంలో ఈ అభిమానం ఇంకా పాతది. కాబూల్ ప్రభుత్వాల్లో ఢిల్లీకి బాగా దగ్గరైన వాటిలో అతనిదొకటి. కుర్రతనంలో కశ్మీర్‌లోని బారాముల్లా సెయింట్ జోసెఫ్ స్కూల్లో చదువుకున్నాడు. భార్యాబిడ్డలు ఢిల్లీలో తలదాచుకున్నారు. అమితాబ్ బచ్చన్, శ్రీదేవి, మన నాగార్జున నటించిన ‘ఖుదా గవా’ కోసం ఆఫ్ఘన్ నేల మీద షూటింగ్ జరిగినప్పుడు భద్రత కల్పించింది అతని ప్రభుత్వమే. ఆ సినిమా 1992 మేలో విడుదలైంది, అప్పటికి నజీబ్ పదవి పోయి నెల కూడా కాలేదు. వీటికి తోడు సోవియట్ యూనియన్ మీద ప్రేమ చావని మన వామపక్ష అభిమానుల్లో చాలామందికి అతను మతోన్మాదుల చేతిలో బలైన ప్రగతివాది.

అభిమానులు గీసిన ఈ చిత్రంలో గూఢచార సంస్థ ఖాద్ లేదు. పుల్-ఎ-చర్ఖి జైలు లేదు. అయిదేళ్ల పాటు ఒక దేశపు రహస్య పోలీసు యంత్రాంగాన్ని నడిపిన మనిషి జీవితంలోంచి ఆ అయిదేళ్లను కోసిపారేసి, మిగిలిన భాగానికి దండ వేస్తున్నారు. అభ్యంతరం దానికే.

ముందు అతని చావు గురించి. అది హత్య, అందులో రెండో మాట లేదు. 1996 సెప్టెంబరు 27 తెల్లవారుజామున తాలిబాన్ మూకలు కాబూల్‌లోని ఐక్యరాజ్యసమితి ఆవరణలోకి చొరబడి నజీబ్‌నూ, అతని తమ్ముడు షాపూర్ అహ్మద్‌జాయ్‌నూ ఈడ్చుకెళ్లాయి. చిత్రహింసలు పెట్టి చంపి, అధ్యక్ష భవనం దగ్గరి అరియానా కూడలిలో శవాలను వేలాడదీశాయి. విచారణ లేదు, అభియోగం లేదు. నాలుగున్నరేళ్లుగా శరణార్థిగా ఉంచుకున్న మనిషిని ఐక్యరాజ్యసమితి కాపాడలేకపోయింది. ఆ సంస్థ చరిత్రలో సిగ్గుతో తల దించుకోవాల్సిన రోజుల్లో అదొకటి. ఆ ఉదయాన్ని ఖండించడానికి నజీబ్ అభిమాని కానక్కర్లేదు, మనిషైతే చాలు.

కానీ చంపినవాళ్లు దుర్మార్గులైనంత మాత్రాన చచ్చినవాడు సాధువైపోడు. తాలిబాన్ ఎవరిని చంపితే వాళ్లంతా మహనీయులే అనుకుంటే, ఎవరు మహనీయులో తేల్చే అధికారాన్ని తాలిబాన్‌కే అప్పజెప్పినట్టు.

ఇక ‘నిలబడ్డాడు’ అన్న మాట చూద్దాం. పురాణానికి మూలస్తంభం ఇదే కాబట్టి దీన్నే ముందు పరీక్షించాలి. 1992 మార్చి 18న నజీబ్ పదవి వదులుకోవడానికి సిద్ధమని ప్రకటించాడు. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి బెనన్ సెవాన్ ఒక పథకం తయారుచేశాడు. ఏ పక్షానికీ చెందని పదిహేను మంది పెద్దలను విమానంలో కాబూల్‌కు తేవాలి, అధికారం వాళ్లకు అప్పగించాలి, నజీబ్ దేశం వదిలి వెళ్లాలి. అప్పటికే భార్యనూ ముగ్గురు కూతుళ్లనూ అతను ఢిల్లీ పంపేశాడు. అతనికి శరణు ఇవ్వడానికి మన పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఒప్పుకుంది. ఏప్రిల్ 16 తెల్లవారకముందే నజీబ్ కార్లలో కాబూల్ విమానాశ్రయానికి బయలుదేరాడు. విమానం సిద్ధంగా ఉంది. విమానాశ్రయాన్ని అప్పటికే తమ గుప్పిట్లోకి తెచ్చుకున్న ఉజ్బెక్ సేనాపతి అబ్దుల్ రషీద్ దోస్తుం మనుషులు అతన్ని ముందుకు పోనివ్వలేదు. కార్లు వెనక్కి తిరిగి ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి చేరాయి. అతని రాజ్య భద్రతా మంత్రి గులాం ఫరూక్ యాకూబీ శవమై కనిపించాడు. విదేశాంగ మంత్రి అబ్దుల్ వకీల్ నిన్నటి దాకా నాయకుడన్న మనిషినే బహిరంగంగా తూలనాడాడు.

అంటే నజీబ్ వెళ్లిపోవాలనే అనుకున్నాడు. వెళ్లలేకపోయాడు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఉంటే చంపేస్తారని తెలిసిన మనిషి ప్రాణం కాపాడుకోవాలనుకోవడం సహజం, పైగా వెళ్లిపొమ్మన్నది శాంతి పథకమే. అయితే ఇదే కొలత ఘనీకి ఎందుకు వర్తించదు? ఘనీ హెలికాప్టర్ ఎగిరింది, నజీబ్ విమానం ఎగరలేదు. ఆ తేడా ఆ ఉదయం విమానాశ్రయం ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది, ఇద్దరి గుండె నిబ్బరంలో కాదు. అధికారం అప్పగింత పూర్తికాకుండానే నజీబ్ బయలుదేరడంతో సెవాన్ పథకం కూలిపోయింది. 2021లో ఘనీ వెళ్లిపోయాక కూడా అచ్చంగా జరిగింది అదే, చర్చల ద్వారా జరగాల్సిన అప్పగింత గాలికిపోయింది. ఒకరిని పిరికివాడని తిట్టి, ఇంకొకరిని వీరుడని పొగిడే హక్కు ఈ వాస్తవాలు ఎవరికీ ఇవ్వవు.

1996 సెప్టెంబరులో కాబూల్ వదిలి వెళ్తున్న, సోవియట్లతో పోరాడిన ముజాహిదీన్ సేనాపతి అహ్మద్ షా మసూద్ తనతో రమ్మని కబురు పంపితే నజీబ్ కాదన్నాడని చాలా కథనాలు చెబుతాయి. అభిమానులు దీన్ని ధైర్యానికి గుర్తుగా చూపిస్తారు. ఐక్యరాజ్యసమితి జెండా కాపాడుతుందనీ, వస్తున్నది పష్తూన్లే కాబట్టి తనను ఏమీ చేయరనీ అతను నమ్మాడన్నదే సబబైన వివరణ. అది పొరపాటు లెక్క. ఆ పొరపాటుకు అతను చెల్లించిన మూల్యం చూస్తే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. దాన్ని త్యాగమని పిలవడానికి మాత్రం ఆధారం లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

1947లో పుట్టిన నజీబ్ 1965లో పీపుల్స్ డెమొక్రటిక్ పార్టీలో చేరాడు. ఆ పార్టీ చీలినప్పుడు బబ్రక్ కార్మల్ నడిపిన పర్చమ్ వర్గంతో నడిచాడు. 1975లో కాబూల్ యూనివర్సిటీ నుంచి మెడిసిన్ పట్టా పుచ్చుకున్నాడు, కానీ జీవితమంతా రాజకీయమే. 1978 ఏప్రిల్‌లో పార్టీ సైనిక కుట్రతో అధికారానికొచ్చాక, ప్రత్యర్థి ఖల్క్ వర్గం అతన్ని రాయబారిగా టెహ్రాన్ పంపి వదిలించుకుంది. కొన్నాళ్లకే ఆ పదవీ ఊడింది, యూరప్‌లో ప్రవాసం గడిపాడు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగినప్పుడు కార్మల్‌తో పాటు తిరిగొచ్చాడు. 1980లో ఖాద్ పగ్గాలు అతని చేతికొచ్చాయి.

ఖాద్ ఆఫ్ఘన్ ప్రభుత్వ గూఢచార సంస్థ. కేజీబీ నిపుణులు దగ్గరుండి తీర్చిదిద్దారు. నజీబ్ పట్టుకునే నాటికి చిన్న విభాగమది. అతని హయాం ముగిసేసరికి సిబ్బంది 25 వేలకూ 30 వేలకూ మధ్య ఉంటారని పరిశోధకుల అంచనా. స్కూళ్లలో, ఆఫీసుల్లో, మసీదుల్లో, వీధుల్లో వేగులు. కాబూల్‌లోనే శష్‌దరక్, సదారత్ వంటి ఎన్నో చోట్ల విచారణ కేంద్రాలు. ఆ కేంద్రాల్లో జరిగింది విచారణ కాదని బయటపడ్డవాళ్లు ఒకరికొకరు సంబంధం లేకుండా ఒకే తీరుగా చెప్పారు. రోజుల తరబడి నిద్రపోనివ్వకపోవడం. కరెంటు షాకులు. కొట్టడం. గంటల కొద్దీ చలిలో, నీళ్లలో నిలబెట్టడం. పక్క గదిలో ఇంకొకరి కేకలు వినిపించడం. ఆడవాళ్లను కూడా వదల్లేదు.

ఇదంతా పాశ్చాత్య దేశాల ప్రచారమని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ రోజుల్లో ప్రచారం జరగలేదని ఎవరూ అనరు. అమెరికా డబ్బు పోసి నడిపించిన యుద్ధంలో రెండువైపులా అబద్ధాలు పుట్టాయి. అందుకే ఎవరి సాక్ష్యమన్నది చూడాలి. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 1986 నవంబరులో ఆఫ్ఘనిస్తాన్ రాజకీయ ఖైదీల చిత్రహింసల మీద ప్రత్యేక నివేదిక వెలువరించింది. అదే సంస్థ చిలీలో పినోచెట్ మీద, ఇరాన్‌లో షా మీద రాసినప్పుడు మన వామపక్ష పత్రికలకు అది ప్రమాణమే. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం నియమించిన ఆస్ట్రియా న్యాయ పండితుడు ఫెలిక్స్ ఎర్మకోరా 1980ల మధ్య నుంచి ఏటా సమర్పించిన నివేదికల్లోనూ ఇవే పద్ధతులు, ఇవే చోట్లు.

వీటన్నిటి కంటే చదవాల్సిన సాక్షి మరొకరున్నారు. మహమ్మద్ హసన్ కాకర్. కాబూల్ యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్, పష్తూన్, ఆయుధం పట్టిన మనిషి కాదు. 1982లో ఖాద్ ఆయన్ను పట్టుకుంది. తోటి అధ్యాపకులు మరికొందరు కూడా అప్పుడే జైలు పాలయ్యారు. సోవియట్ దాడిని వ్యతిరేకించడం, సహోద్యోగులతో ఆ మాట పంచుకోవడం వాళ్ల నేరం. 1987లో గానీ బయటి గాలి పీల్చుకోలేదు. ఆ తర్వాత దేశం వదిలి, సోవియట్ దురాక్రమణ తొలి మూడేళ్ల మీద పుస్తకం రాశారు, కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ 1995లో అచ్చు వేసింది. తనను బంధించినవాళ్ల గురించి చరిత్రకారుడి శిక్షణతో రాసిన పుస్తకమది. అందులో కోపం కన్నా వివరం ఎక్కువ. ఖాద్ ఎలా పట్టుకునేది, ఎక్కడ ఉంచేది, ఏం అడిగేది, ‘విప్లవ న్యాయస్థానం’ నిమిషాల్లో తీర్పులెలా చెప్పేది అన్నీ ఉంటాయి. డాక్టర్ నజీబ్ పేరు కూడా ఉంటుంది, అప్పటి ఖాద్ అధిపతిగా.

ఒక చరిత్రకారుణ్ణి చరిత్ర గురించి మాట్లాడినందుకు అయిదేళ్లు గోడల మధ్య పెట్టిన సంస్థ అధిపతిని, చదువుల ప్రేమికుడిగా పొగడటానికి మనసు ఎలా వస్తుంది?

మరో సాక్ష్యం కోర్టు గదిలోంచి వచ్చింది. శరణార్థులుగా నెదర్లాండ్స్ చేరిన ఇద్దరు ఖాద్ సైనిక విభాగపు అధికారులు హెసాముద్దీన్ హెసామ్, హబీబుల్లా జలాల్‌జోయ్‌ల మీద అక్కడ కేసు నడిచింది. బాధితులు వచ్చి నిలబడి చెప్పారు. 2005 అక్టోబరులో హేగ్ కోర్టు వాళ్లకు 12 ఏళ్లు, 9 ఏళ్లు శిక్షలు వేసింది. పై కోర్టుల్లోనూ అవి నిలబడ్డాయి. చిత్రహింసల ఆరోపణ పత్రికల మాటగా మిగిలిపోకుండా న్యాయస్థానంలో రుజువైన సందర్భం అది. శిక్ష పడింది కింది వాళ్లకు. ఆ యంత్రాన్ని పెంచి పోషించిన పెద్దకు మాత్రం బజార్లలో బొమ్మలు.

ఇక్కడ అభిమానులు మూడు సమాధానాలు చెబుతారు. మూడూ వినదగ్గవే, ఒక్కటీ నిలవదు.

మొదటిది, అంతకు ముందు పాలించిన ఖల్క్ నేతలు తరకీ, అమీన్‌లు చేసినదానితో పోలిస్తే ఇది తక్కువ అన్నది. ఆ ఇరవై నెలల్లో ఖల్క్ పాలకులు చేసినవి నిజంగా ఘోరాలే. అప్పట్లో మాయం చేసి చంపినవాళ్లలో దాదాపు 5,000 మంది పేర్లున్న జాబితాను 2013లో డచ్ ప్రాసిక్యూటర్లు బయటపెట్టారు. ముజాహిదీన్లు తర్వాత కాబూల్‌ను ఏం చేశారో అందరికీ తెలుసు. అయితే ముందువాడు ఎక్కువ చంపాడు, తర్వాతివాడు ఎక్కువ కూల్చాడు అన్నది నజీబ్‌కు ఎలా సర్టిఫికెట్ అవుతుంది? సదారత్ గదిలో కరెంటు తీగ ముందు కూర్చున్న మనిషికి ఆ పోలికతో ఏం ఊరట?

రెండోది, అతను పై ఆదేశాలు పాటించాడనీ, నిర్ణయాలు కార్మల్‌వీ కేజీబీవీ అనీ. అలాగైతే 1986 మే 4న పార్టీ ప్రధాన కార్యదర్శి కుర్చీ అతనికే ఎందుకు దక్కింది? గోర్బచేవ్ కార్మల్‌ను తప్పించాలనుకున్నప్పుడు కేజీబీ ముందుకు తెచ్చిన పేరు ఇదే. ఖాద్‌లో అతను చేసిన పని నచ్చింది కాబట్టే తెచ్చింది. అధ్యక్షుడయ్యాక కూడా ఆ సంస్థను కూల్చలేదు. దానికి అప్పటికే మంత్రిత్వ శాఖ హోదా వచ్చింది, పీఠం మీద తన పాత సహచరుడు యాకూబీనే ఉంచుకున్నాడు.

మూడో సమాధానం కొంచెం బరువైనది. నజీబ్ మారాడు అంటారు. జాతీయ సయోధ్య ప్రకటించాడు, ఖైదీలను వదిలాడు, రాజ్యాంగం మార్చాడు, మార్క్సిజాన్ని పక్కన పెట్టాడు. ఇందులో నిజం చాలా ఉంది, ఉన్నదాన్ని ఒప్పుకోవాలి. 1987 జనవరి 15న ప్రభుత్వం తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన రాజ్యాంగం దేశం పేరులోంచి ‘ప్రజాస్వామిక’ అన్న విశేషణం తీసేసి, ఇస్లామ్‌కు గౌరవస్థానం ఇచ్చి, ఇతర పార్టీలకు తలుపు తెరిచింది. 1988లో ఎన్నికలు జరిగాయి, పార్టీ సభ్యుడు కాని హసన్ షర్క్ ప్రధాని అయ్యాడు. 1990లో పార్టీ పేరే వతన్ పార్టీగా మారింది. వేల మంది ఖైదీలు ఇంటికెళ్లారు. ప్రొఫెసర్ కాకర్ విడుదలైంది కూడా ఆ కాలంలోనే. 1980ల ఆఫ్ఘన్ నాయకుల్లో, అటు ముజాహిదీన్లలోనూ ఇటు పార్టీలోనూ, రాజీ అనే మాట గట్టిగా పలికింది నజీబ్ ఒక్కడే అంటే అతిశయోక్తి కాదు. ముజాహిదీన్ పార్టీలు ఆ చేతిని తోసేశాయి, పాకిస్తాన్ తోసేయించింది, అమెరికా చూస్తూ ఊరుకుంది. ఆ పాపంలో వాటా వాళ్లది.

కానీ ఆ సయోధ్య లోపల జరిగిన యుద్ధాన్ని కూడా చూడాలి. 1989 జనవరి చివర్లో, సోవియట్ సైన్యం తిరుగు ప్రయాణంలో ఉండగా, సలాంగ్ దారి పొడవునా మసూద్ స్థావరాల మీదా, చుట్టుపక్కల ఊళ్ల మీదా భారీ దాడి జరిగింది. ‘టైఫూన్’ అన్నది ఆ ఆపరేషన్ పేరు. మసూద్‌తో అనధికారిక ఒప్పందం చేసుకుని ప్రశాంతంగా వెళ్లిపోదామనుకున్న సోవియట్ జనరళ్లకు అది ఇష్టం లేదు. పట్టుబట్టి చేయించినవాడు నజీబ్. ఆ మంచులో చనిపోయినవాళ్లలో పల్లెజనం ఎందరో. అదే నెలలో కాబూల్ వచ్చిన సోవియట్ విదేశాంగ మంత్రి షెవర్ద్‌నాద్జేను అతను కాందహార్ ముట్టడి ఛేదించడానికి ఒక బ్రిగేడ్ పంపమని అడిగాడు. మార్చిలో జలాలాబాద్ మీద ముజాహిదీన్లు విరుచుకుపడ్డప్పుడు సోవియట్ విమానాలతో బాంబులు వేయించమని కోరాడు. గోర్బచేవ్ కాదన్నాడు. ‘విదేశీ సైన్యం పోతేనే శాంతి’ అన్న ముక్క బహిరంగ సభల్లో, ‘ఇంకొన్నాళ్లు ఉండండి’ అన్న ముక్క మూసిన తలుపుల వెనక. సోవియట్ పత్రాలు బయటికొచ్చాక ఈ రెండో ముక్క దాచలేనిదైంది.

జలాలాబాద్‌ను ఆఫ్ఘన్ సైన్యం నిలబెట్టుకుంది. ఆ ఘనత ఆ సైనికులది. సోవియట్లు వెళ్లిన మూడు నెలల్లో ప్రభుత్వం పడిపోతుందని ప్రపంచమంతా జోస్యం చెప్పిన రోజుల్లో, పాకిస్తాన్ గూఢచారి సంస్థ పథకంతో వేలాదిగా వచ్చిన దళాలను వాళ్లు ఆపారు. లొంగిపోయిన సైనికులను ముజాహిదీన్లు నరికి చంపడం చూశాక చావో రేవో అని పోరాడారు. ఆఫ్ఘన్ సైనికుడు పోరాడడని 2021లో నోరు పారేసుకున్నవాళ్లకు ఈ యుద్ధం చాలినంత జవాబు. కానీ ఆ నిలకడ వెనక వందల కొద్దీ స్కడ్ క్షిపణులున్నాయి. ఏడాదికి 300 కోట్ల డాలర్ల దాకా అంచనా వేసే సోవియట్ సాయం ఉంది. ఆ స్కడ్లు గురి చూసి కొట్టేవి కావు. 1991 ఏప్రిల్‌లో కునార్ రాష్ట్రం అసదాబాద్ బజారులో పడి వందల మందిని పొట్టన పెట్టుకున్నాయి. అవి ఎగిరింది సయోధ్య ప్రకటించిన అధ్యక్షుడి సైన్యం చేతుల మీదుగానే.

మాస్కో వెన్నుపోటు పొడిచిందన్న వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. తన సైన్యం వెళ్లాక దాదాపు మూడేళ్లు మాస్కో పిండి, పెట్రోలు, నోట్లు, తుపాకులు పంపుతూనే ఉంది. 1992 జనవరి 1 నుంచి ఆయుధాలు ఆపాలని అమెరికాతో కుదిరిన ఒప్పందం 1991 సెప్టెంబరు నాటిది. డిసెంబరుకు సోవియట్ యూనియనే లేదు. సాయం ఆగిన నాలుగో నెలలో ప్రభుత్వం కూలింది. పంపే దేశమే మాయమైపోయాక ద్రోహం ఎవరిది?

ఇంక ద్రష్ట అన్న బిరుదు. 1992 మార్చిలో విదేశీ విలేకరులతో మాట్లాడుతూ, మతోన్మాదం గెలిస్తే దేశం ఏళ్ల తరబడి యుద్ధంలో మగ్గుతుందనీ, ఉగ్రవాదానికీ మత్తుమందులకూ అడ్డా అవుతుందనీ నజీబ్ హెచ్చరించిన మాట వాస్తవం. అలాగే జరిగింది కూడా. అయితే ఆ యుద్ధంలో కాబూల్‌ను నేలమట్టం చేసినవాళ్లలో దోస్తుం ఒకడు. 1994 జనవరి 1న ముజాహిదీన్ నేత హెక్మత్యార్‌తో చేతులు కలిపి కాబూల్ మీద దాడికి దిగింది అతనే. ఆ దోస్తుం ఎక్కణ్ణుంచి వచ్చాడు? నజీబ్ ప్రభుత్వం జీతాలిచ్చి, ట్యాంకులిచ్చి, 53వ డివిజన్‌గా గుర్తించి, ఊళ్ల మీద వదిలిన ఉజ్బెక్ దళానికి అధిపతి. మామూలు సైన్యం చాలనప్పుడు తెగల వారీగా కూలి దళాలను పెంచడం నజీబ్ ఎంచుకున్న దారి. ఆ దళాలు విశ్వాసంగా ఉన్నది జీతం అందినన్నాళ్లే. సాయం ఎండిపోగానే ఉత్తరాదిలో తిరుగుబాటు మొదలైంది, అతని విమానాన్ని ఆపింది కూడా అవే దళాలు. అంతర్యుద్ధం వస్తుందని చెప్పిన మనిషే ఆ యుద్ధంలో కొట్లాడబోయే ఒక సేనాపతిని తయారుచేశాడు. ఇది తెలిసిన తర్వాత ఆ హెచ్చరికను జోస్యమని మొక్కలేం.

ఆడవాళ్ల విషయం మిగిలింది. దీని దగ్గర చాలామంది మంచివాళ్లు కూడా నజీబ్ వైపు మొగ్గుతారు. తాలిబాన్ ఈరోజు ఆరో తరగతి దాటిన ఆడపిల్లను బడి గడప తొక్కనివ్వడం లేదు కాబట్టి, 1980ల కాబూల్‌లో స్కర్టులు వేసుకుని కాలేజీకి వెళ్తున్న అమ్మాయిల ఫొటోలు చూస్తే కళ్లు చెమర్చడం న్యాయమే. కాబూల్ స్కూళ్లలో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో అప్పుడు ఆడవాళ్లు నిండుగా ఉన్నారన్నదీ నిజమే. అయితే అది నజీబ్ పెట్టిన భిక్ష కాదు. 1959లోనే కాబూల్ పెద్దింటి స్త్రీలు ముసుగు లేకుండా బయటికొచ్చారు. 1964 రాజ్యాంగం ఓటు హక్కు ఇచ్చింది. 1965లో కుబ్రా నూర్జాయ్ ఆరోగ్య మంత్రి అయ్యారు. ఆ ఏడాదే నజీబ్ పార్టీ పుట్టింది. ఆఫ్ఘన్ ఆడవాళ్లు తమ చేతులతో గెలుచుకున్నదాన్ని ఒక రహస్య పోలీసు అధికారి ఖాతాలో వేయడం వాళ్లకే అన్యాయం.

పైగా కాబూల్ ఆడపిల్లలు ఆ ప్రభుత్వాన్ని ఎలా చూశారో రికార్డుల్లోనే ఉంది. 1980 ఏప్రిల్‌లో సోవియట్ దురాక్రమణకు వ్యతిరేకంగా స్కూలు పిల్లలు వీధుల్లోకొచ్చారు. కాల్పుల్లో నాహీద్ అనే విద్యార్థిని చనిపోయింది, ఇంకా కొందరు చనిపోయారు. ఆమె పేరు ఈరోజుకీ ఆఫ్ఘన్లు తలుచుకుంటారు. ఆఫ్ఘన్ మహిళల విప్లవ సంఘం ‘రావా’ను స్థాపించిన మీనాను 1987 ఫిబ్రవరి 4న క్వెట్టాలో చంపేశారు. ఖాద్ ఏజెంట్లూ హెక్మత్యార్ ముఠా కలిసి చేసిన పని ఇదని రావా మొదటి నుంచీ చెబుతోంది. మతోన్మాదులతోనూ సోవియట్ పాలకులతోనూ ఏకకాలంలో పోరాడిన ఆ ఆడవాళ్లు ఈ పురాణంలో ఎక్కడా కనిపించరు. నజీబా, తాలిబానా అని రెండే పక్షాలున్నట్టు చూపిస్తే మీనా లాంటి మూడో మనిషికి చోటెక్కడ?

ఈ వాదన పాత లెక్కలు తవ్వుకోవడం కోసం కాదు. 2005 జనవరిలో, సీమా సమర్ నాయకత్వంలోని ఆఫ్ఘన్ స్వతంత్ర మానవ హక్కుల సంఘం దేశమంతా తిరిగి వేల మందితో మాట్లాడి ఒక నివేదిక ఇచ్చింది. 1978 నుంచి 2001 దాకా జరిగిన ఘోరాల్లో తామో తమ ఇంటివాళ్లో బలయ్యామని 69 శాతం మంది చెప్పారు. ఎక్కువమంది కోరింది విచారణ. ఖల్క్ అనీ, పర్చమ్ అనీ, ముజాహిదీన్ అనీ, తాలిబాన్ అనీ తేడా లేకుండా అందర్నీ బోనెక్కించమన్నారు. దానికి కాబూల్ పార్లమెంటు ఇచ్చిన జవాబు, యుద్ధంలో పాల్గొన్న పక్షాలన్నిటికీ క్షమాభిక్ష పెట్టే 2007 నాటి చట్టం. బాధితులను ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి ప్రతి వర్గం తన హంతకుడికి తాను బొమ్మ కట్టుకుంది. మసూద్‌కు ఒకరు, హజారా నేత మజారీకి ఒకరు, హెక్మత్యార్‌కు ఒకరు, నజీబ్‌కు మరొకరు. కొడుకు శవం ఎక్కడుందో తెలియక పుల్-ఎ-చర్ఖి గేటు దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డ తల్లులకు ఏ పక్షమూ లేదు.

నజీబ్ కూతురు హీలా నజీబుల్లా తండ్రి సయోధ్య విధానం మీద పరిశోధన చేసి 2017లో పుస్తకం వేసింది. కూతురిగా, పరిశోధకురాలిగా ఆమె హక్కు అది. చదవాల్సిన పుస్తకం కూడా. బయటివాళ్లం, మనం, ఆ ఒక్క పుస్తకంతో ఆగిపోవడానికి మాత్రం మనకు ఏ బాంధవ్యమూ లేదు.

న్యాయంగా జరగాల్సింది ఏమిటో చెప్పుకోవడం కష్టం కాదు. నజీబ్ 1992 ఏప్రిల్‌లో ఢిల్లీ చేరి ఉండాల్సింది, బతికి ఉండాల్సింది. తర్వాత ఏదో ఒక రోజు న్యాయవాదిని పెట్టుకుని ఒక కోర్టు ముందు నిలబడి, 1980 నుంచి 1985 దాకా ఖాద్ గదుల్లో ఏం జరిగిందో, ఎవరెవరిని ఎక్కడ పూడ్చారో చెప్పాల్సింది. తాలిబాన్ అతని ప్రాణంతో పాటు ఆ అవకాశాన్ని కూడా తీసేసింది. బాధితులకు రావాల్సిన జవాబు అరియానా కూడలిలోనే చచ్చిపోయింది.

తెలుగులో నజీబుల్లా గురించి రాసేవాళ్లకూ, అతని ఫొటోను గర్వంగా పంచుకునే యువకులకూ ఒక విన్నపం. అతని చావును ఖండించండి, సయోధ్య ప్రయత్నాన్ని గుర్తించండి, జలాలాబాద్ సైనికుల తెగువ గురించి రాయండి. అమరుడు అనే మాట రాసే ముందు మాత్రం 1986 నాటి ఆమ్నెస్టీ నివేదికనూ, ప్రొఫెసర్ హసన్ కాకర్ పుస్తకాన్నీ తెచ్చుకుని చదవండి.